‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’: ఇన్ని గొంతుల్లో ఏది ముందు వినాలి?

అమెరికా గాయకుడు జేమ్స్ కార్ పాడిన ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’ 1967లో అక్కడి నల్లజాతి సంగీతపు చార్టు ‘ఆర్ అండ్ బీ’లో 10వ స్థానం దాకా వచ్చింది. అన్ని రకాల పాటలూ పోటీపడే పాప్ చార్టులో మాత్రం 77 దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది అరేతా ఫ్రాంక్లిన్ ‘రెస్పెక్ట్’ పాప్ చార్టులో మొదటి స్థానంలో కూర్చుంది. ఆ లెక్కన చూస్తే ఇది ఓ మోస్తరు హిట్టు, అంతే.

అయినా ఆ తర్వాత దీన్ని ఎత్తుకున్నవాళ్లకు లెక్కలేదు. చర్చి పాటల్లోంచి వచ్చిన నల్లజాతి సంగీతం ‘సోల్’ గాయకులు పాడారు, అమెరికా పల్లె బాణీ ‘కంట్రీ’ జంటలు పాడాయి, ఇంగ్లండ్‌లో ఒక ఫోక్ (జానపద బాణీ) దంపతులు పాడారు, డబ్లిన్ కుర్రాళ్ల కథతో తీసిన సినిమాలో వచ్చింది, మాటలే లేకుండా గిటార్ మీద కూడా వచ్చింది. స్ట్రీమింగ్ యాప్‌లో పేరు కొడితే జాబితా కిందికి జరుగుతూనే ఉంటుంది. కొత్తగా వినేవాళ్లు పైన కనబడ్డదాన్ని నొక్కి, ‘బాగానే ఉందిలే’ అనుకుని ముందుకెళ్లిపోతారు. ఈ పాటను అలా వదిలేస్తే నష్టం. ఎవరికి ఏది నప్పుతుందో, ఏది తర్వాతైనా పర్వాలేదో నా లెక్క ప్రకారం చెప్తాను.

ముందు పాటలో ఏముందో తెలియాలి. ఇద్దరు చాటుగా కలుసుకుంటుంటారు. ఊరికి కనబడకుండా వీధి చివర చీకట్లో. చేస్తున్నది తప్పని ఇద్దరికీ తెలుసు. దీనికి ఎప్పటికైనా మూల్యం చెల్లించాలనీ తెలుసు. పగలు బజార్లో ఎదురుపడితే పలకరించకుండా వెళ్లిపో, ఏడవకు అని ఒకరు ఇంకొకరికి చెప్తారు. రాత్రికి మళ్లీ అక్కడే. సంగతి మొత్తం ఇంతే.

చెప్పనివే ఎక్కువ. వాళ్లకు పెళ్లిళ్లయ్యాయా, ఎవరి భయం, ఏ ఊరు, ఎన్నాళ్లుగా? ఒక్కటీ పాటలో లేదు. అందుకే దీన్ని పెళ్లైనవాళ్ల దొంగ ప్రేమగా విన్నవాళ్లున్నారు, నల్లజాతి–తెల్లజాతి జంట కథగా విన్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండోదేమీ కష్టపడి ఊహించుకున్నది కాదు. వేర్వేరు జాతులవాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న రాష్ట్రాల చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967 జూన్‌లోనే. మన ఊళ్లలో కూర్చుని వింటే కులం గుర్తుకొస్తుంది. రాకపోతేనే ఆశ్చర్యం.

ఈ ఖాళీల వల్లే పాట ఇంతకాలం నిలబడిందని నా నమ్మకం. బాణీ బావుంది, నిజమే. బాణీ బావున్న సోల్ పాటలు ఆ రోజుల్లో వారానికి పది వచ్చేవి. ఈ పాటలో మాత్రం దేని మీద బరువు వేయాలో తేల్చుకోవాల్సింది పాడేవాళ్లే: భయం మీదా, సిగ్గు మీదా, ప్రేమ మీదా, మొండితనం మీదా? నర్తకి క్షేత్రయ్య పదంలో ఒకే పాదాన్ని పట్టుకుని ఒకసారి అలకగా, ఒకసారి బెదురుగా, ఒకసారి కొంటెగా అభినయిస్తుందే, అలాంటి పని. అన్నట్టు పరకీయ శృంగారం మన పదాలకేమీ కొత్త కాదు కాబట్టి, ‘ఇలాంటి విషయం మీద పాటా’ అని మొహమాటపడనక్కర్లేదు.

కాబట్టి గొంతు ఎవరిది గొప్ప అని పోల్చుకుంటే ఎటూ తేలదు. మీకు ఇందులో ఏ రసం కావాలి అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

మొదట జేమ్స్ కార్. దీనికి మాత్రం బేరం లేదు

పాట పుట్టిన తీరు వింటే నవ్వొస్తుంది. 1966లో నాష్‌విల్‌లో రేడియో డీజేల సమావేశం జరుగుతోంది. అలబామా కుర్రాడు డాన్ పెన్, మెంఫిస్ స్టూడియో యజమాని చిప్స్ మోమన్ అక్కడ పేకాటలో ఉన్నారు. అక్రమ ప్రేమ మీద అన్నిటినీ తలదన్నే పాట ఒకటి రాయాలని ఇద్దరికీ ఎప్పట్నుంచో పట్టుదల. ఆట మధ్యలో విరామం దొరికితే గోల్డ్‌వాక్స్ అనే రికార్డు కంపెనీ నడిపే క్వింటన్ క్లాంచ్‌ను హోటల్ గది అడిగారు. ఇస్తాను గానీ పాట మా జేమ్స్ కార్‌కే ఇవ్వాలన్నాడాయన. సుమారు అరగంటలో పాట తయారైందని చెప్తారు. గది అద్దె కింద వచ్చిన పాట అన్నమాట.

కార్ మిసిసిపీలో 1942లో పుట్టాడు, మెంఫిస్‌లో పెరిగాడు, చర్చి బృందాల్లో గాస్పెల్ పాడుతూ వచ్చాడు. ఈ పాటను మెంఫిస్‌లోని రాయల్ స్టూడియోలో రికార్డు చేశారు. నిడివి రెండున్నర నిమిషాల పైచిలుకు. గిటార్ వణుకుతూ మొదలవుతుంది, డ్రమ్స్ తొందరపడవు, గొంతు కింది స్థాయిలో వస్తుంది. తప్పు చేస్తున్నామన్న మాటను కార్ పాప భీతితో పాడడు. వాతావరణం చెప్పినట్టు మామూలుగా చెప్పేస్తాడు. అసలు సంగతి మధ్యలో, ‘మనల్ని పట్టేసుకుంటారు’ అన్న చోట. ఆ మాటను మళ్లీ మళ్లీ అంటుంటే గొంతు పైకి లేస్తుంది. ఇక ఇక్కణ్ణుంచి కేకలే అనుకుంటాం. ఆ కాలంలో మరో సోల్ గాయకుడైతే తప్పకుండా అరిచేవాడు. ఈయన ఆ అంచు దాకా వెళ్లి వెనక్కి తగ్గుతాడు. చాటుగా ఉన్నవాడు గట్టిగా అరవకూడదు కదా! పాటలోని మనిషి ఎలా బతుకుతున్నాడో గొంతూ అలాగే బతుకుతుంది. మిగతా రికార్డింగులన్నిటినీ నేను ఈ ఒక్క చోటుతోనే కొలుస్తాను.

ఒక హెచ్చరిక. కార్ గురించి ఎక్కడ చదివినా ముందు ఆయన అనారోగ్యమే కనిపిస్తుంది. బైపోలార్ సమస్యతో జీవితమంతా అవస్థ పడ్డాడు, 1979లో జపాన్ వెళ్లినప్పుడు వేదిక మీద పాడలేక నిలబడిపోయాడు, 2001లో కేన్సర్‌తో పోయాడు. ఇవన్నీ నిజమే. కానీ ఆ విషాదాన్ని ఈ పాటలో వెతుక్కుంటూ వింటే పాట చేజారిపోతుంది. రికార్డింగ్ నాటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. ఎక్కడ ఆపాలో బాగా తెలిసిన గాయకుడు చేసిన పని అది. బతుకు కథ తర్వాత చదువుకోండి.

అరేతా, స్లెడ్జ్: సోల్ లోపలే రెండు దారులు

పెర్సీ స్లెడ్జ్ అదే 1967లో తన ఆల్బమ్‌లో పాడాడు. వేడుకునే గొంతు, మెత్తని వాద్యాలు. వినడానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే ఇక్కడ లోపం. ఎవరో చూసేస్తారన్న టెన్షన్ ఎక్కడా లేదు. స్లెడ్జ్ అభిమానులైతే వినండి, లేకపోతే దాటేయొచ్చు.

అరేతా ఫ్రాంక్లిన్‌ది అలా దాటేసేది కాదు. 1970లో వచ్చిన ‘దిస్ గర్ల్స్ ఇన్ లవ్ విత్ యూ’ ఆల్బమ్‌లో ఉంది. కార్ దాచుకున్నదంతా ఈమె బయటపెడుతుంది. పాట నిడివి కార్‌దానికన్నా బాగా ఎక్కువ. పట్టేసుకుంటారన్న మాట దగ్గర ఆగి, దాన్ని చర్చిలో ప్రార్థనలా సాగదీస్తుంది, వెనక కోరస్ అందుకుంటుంది. ఆ కాలంలో ఇలాంటి సంగతి బయటపడితే ఆడమనిషి పోగొట్టుకునేది ఎక్కువ. అందుకే ఆమె నోట ఆ భయానికి బలం వస్తుంది. గాస్పెల్, ఖవ్వాలీ, భజన లాంటి ఉద్వేగం పెరుగుతూ పోయే పాటలు మీకు ఇష్టమైతే కార్ కన్నా ఇదే ఎక్కువ నచ్చొచ్చు. నాకైతే రెండోదిగానే బాగుంటుంది. ముందు ఇది వింటే కార్‌ది చప్పగా అనిపించే ప్రమాదం ఉంది.

క్లారెన్స్ కార్టర్: నవ్వుకోవాలంటే

ఈ పాట మీద చేసిన అన్ని ప్రయోగాల్లో విచిత్రమైనది ఇదే. అలబామాకు చెందిన అంధ గాయకుడు క్లారెన్స్ కార్టర్ 1969లో ‘స్నాచింగ్ ఇట్ బ్యాక్’ సింగిల్‌కు రెండోవైపు దీన్ని పెట్టాడు. పేరు కూడా కొంచెం మార్చి, ముందు ‘మేకింగ్ లవ్’ అని తగిలించాడు.

పాట పెట్టి మీరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆయన పాడడు. వెనక వాద్యాలు నెమ్మదిగా నడుస్తుంటే పాస్టర్ ప్రసంగం ఎత్తుకుంటాడు. ప్రేమ వ్యవహారం మీద! పశువులు ఎలా, దోమలు ఎలా అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ వస్తాడు. దోమల సంగతి చెప్పేటప్పుడు గొంతులో ఎక్కడా నవ్వు దొర్లనివ్వడు. ఆ తర్వాత మనుషుల దగ్గరికొస్తాడు. నిడివిలో చాలా భాగం ఈ కబుర్లతోనే గడిచిపోయాక, చివర్లో ఒక్కసారిగా పాట అందుకుంటాడు. అంతసేపు నవ్వించిన మనిషి అలా గొంతెత్తేసరికి నవ్వు మధ్యలో ఆగిపోతుంది. ఎగతాళి అనుకున్నది ఎగతాళి కాదని అప్పుడు తెలుస్తుంది.

ఇది ఎవరికి? హరికథలో పిట్టకథలు ఇష్టపడేవాళ్లకు. ఇంగ్లిష్ యాసలు వినడం అలవాటున్నవాళ్లకు కూడా, ఎందుకంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల మాట తీరు అందకపోతే సగం మజా పోతుంది. పిల్లల ముందు స్పీకర్‌లో పెట్టకండి.

కంట్రీ, రాక్, ఫోక్

కంట్రీ సంగీతంలో దొంగ ప్రేమ పాటలకు పెద్ద సంప్రదాయమే ఉంది కాబట్టి ఆ వైపు వాళ్లు దీన్ని వెంటనే పట్టేశారు. 1968లోనే పోర్టర్ వాగనర్, డాలీ పార్టన్ జంటగా పాడారు. యుగళగీతం చేయడంలో ఒక చిక్కుంది. ఇద్దరూ కలిసి పాడితే రహస్యం కాస్తా ఇద్దరి ఒప్పందంలా వినిపిస్తుంది, ఒంటరితనం తగ్గిపోతుంది. డాలీ గొంతు కోసం ఒకసారి వినొచ్చు.

ఆ చిక్కును దాటిన జంట రిచర్డ్, లిండా థాంప్సన్. అప్పటికి నిజజీవితంలోనూ భార్యాభర్తలే. 1975 నాటి వేదిక రికార్డింగ్, 1976లో రిచర్డ్ పాటల సంకలనంలో వచ్చింది. గిటార్, రెండు గొంతులు, ఎదురుగా జనం. సోల్ పాటల అలంకారాలేవీ లేవు. అలసిపోయిన ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. సోల్ సంగీతం అలవాటు లేక, ఆ కేకలు, సాగదీతలు ఇబ్బంది అనిపించేవాళ్లకు కార్ తర్వాత నేను ఇచ్చే సలహా ఇదే.

ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ అనే బ్యాండ్ 1969లో ‘ద గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్’ ఆల్బమ్‌లో పాడింది చరిత్ర రీత్యా ముఖ్యమైనది. గ్రామ్ పార్సన్స్, క్రిస్ హిల్‌మన్ కలిసి కంట్రీనీ రాక్‌నీ కలపాలని బయల్దేరి, ఆ ఆల్బమ్‌లో పెన్, మోమన్ల పాటలు రెండు పెట్టుకున్నారు. రెండోది అంతకుముందు అరేతా పాడిన ‘డూ రైట్ వుమన్, డూ రైట్ మ్యాన్’. సోల్, కంట్రీ రెండూ ఒకే చెట్టు కొమ్మలని మాటల్లో చెప్పకుండా చేసి చూపించారు. స్నీకీ పీట్ క్లైనో పెడల్ స్టీల్ గిటార్ మీద చెవి పెట్టండి. పార్సన్స్ గొంతు సన్నం, శ్రుతి అక్కడక్కడా జారుతుంది. కొందరికి అదే ప్రాణం, కొందరికి అదే అడ్డం. ఈ ఆల్బమ్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, తర్వాతి కంట్రీ రాక్ బృందాలు మాత్రం దీన్ని తిరగేసి తిరగేసి విన్నాయి.

లిండా రాన్‌స్టాట్ 1974లో పాడిన ‘హార్ట్ లైక్ ఎ వీల్’ ఆల్బమ్ అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. కార్ సింగిల్‌ను ఎన్నడూ కొనని ఎన్నో ఇళ్లలోకి పాట ఈ ఆల్బమ్ వెంట వెళ్లింది. గొంతు స్ఫటికంలా ఉంటుంది. ఇంత శుభ్రంగా పాడితే ఇందులో దాచాల్సింది ఏముందా అనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టుకుని పని చేసుకునేవాళ్లకు మాత్రం చక్కగా సరిపోతుంది.

మాటలే వద్దంటే

రై కూడర్ 1972లో ‘బూమర్స్ స్టోరీ’ ఆల్బమ్ కోసం దీన్ని స్లైడ్ గిటార్ మీద వాయించాడు. సాహిత్యం లేదు. స్లైడ్ (వేలికి తొడిగే గొట్టం) తీగ మీద జారుతుంటే స్వరం నుంచి స్వరానికి గమకంలా వెళ్తుంది కాబట్టి మన చెవికి ఇది చాలా తొందరగా అందుతుంది. మన దగ్గర వీణ, వయొలిన్ కచేరీలు వినేవాళ్లు ఎవరైనా ఈ పాట గురించి అడిగితే ముందు ఇదే పంపిస్తాను, ఇంగ్లిష్ పాటలంటే వాళ్లకున్న బెరుకు పోతుంది. కూడర్‌దే ఇంకొకటి ఉంది, 1977 నాటి ‘షో టైమ్’ లైవ్ ఆల్బమ్‌లో. అందులో బాబీ కింగ్ తదితరుల గాస్పెల్ గొంతులుంటాయి. రెంటినీ కలపకండి. ప్రశాంతంగా వినాలంటే 1972ది, హోరెత్తాలంటే 1977ది.

గిటార్ నేర్చుకునేవాళ్లకి డాన్ పెన్

రాసినవాడే పాడితే ఎలా ఉంటుందో వినాలంటే రెండు దారులున్నాయి. 1994 నాటి ‘డూ రైట్ మ్యాన్’ బ్యాండ్‌తో చేసినది. తర్వాత స్పూనర్ ఓల్డ్‌హామ్‌తో కలిసి వేదికల మీద పాడినది ‘మూమెంట్స్ ఫ్రమ్ దిస్ థియేటర్’ పేరుతో 1999లో వచ్చింది. నా ఓటు రెండోదానికి. పెన్ గొంతు, చేతిలో గిటార్, పక్కన ఓల్డ్‌హామ్ ఎలక్ట్రిక్ పియానో, అంతే. అడ్డంగా ఇంకేమీ లేదు కాబట్టి ఏ చోట ఏ కార్డ్ మారుతోందో స్పష్టంగా వినబడుతుంది. నలుగురిలో కూర్చుని పాడాలనుకునేవాళ్లు కార్‌ని అనుకరించే పని పెట్టుకోకుండా దీన్ని పట్టుకుంటే నయం. పెన్ తొందరపడడు, మాట మాట విడిగా పలుకుతాడు.

సినిమా పాట సంగతి

1991లో ఆలన్ పార్కర్ తీసిన ‘ద కమిట్‌మెంట్స్’ సినిమా వల్ల ఈ పాట కొత్త తరానికి చేరింది. ఆండ్రూ స్ట్రాంగ్ పాడాడు. అప్పటికి వాడు టీనేజర్. ఆ వయసులో అంత గరుకు గొంతు ఎక్కడిదని అందరూ ఆశ్చర్యపోయారు, ఆశ్చర్యపోవాల్సిందే. సినిమాలో డబ్లిన్ కార్మికవాడ కుర్రాళ్ల బ్యాండ్ అది, ఊపు వాళ్లకు కావాలి, ఆ సన్నివేశానికి నప్పింది. విడిగా వింటే మాత్రం చాటు ప్రేమను మైకు పెట్టి చాటినట్టుంటుంది. యాప్‌లో తరచుగా పైన కనిపించేది ఇదే కాబట్టి చాలామందికి మొదటి పరిచయం ఇదే అవుతోంది. సినిమాతో కలిపి చూడండి, పాటగా చివర్లో పెట్టుకోండి.

వినే వరుస

సమయం తక్కువుంటే కార్, అరేతా, కార్టర్, ఈ మూడు చాలు. పావుగంట లోపే అయిపోతాయి. ఒకే పాట ఎంత దూరం సాగగలదో ఈ మూడింటితోనే తెలిసిపోతుంది. ఇంకాస్త తీరిక ఉంటే థాంప్సన్ దంపతులు, రై కూడర్ 1972, ఆ తర్వాత పెన్. బరీటో బ్రదర్స్‌ది ఒక్క పాటగా కాకుండా ఆల్బమ్ మొత్తంగా వినండి, లేకపోతే దాని విలువ తెలియదు. స్లెడ్జ్, రాన్‌స్టాట్, సినిమా పాట మీ అభిరుచిని బట్టి.

ఫోన్ స్పీకర్‌లో వింటే కార్ రికార్డింగ్ సగం పోతుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వెతికేటప్పుడు ఆల్బమ్ పేరు చూసుకోండి: ‘యూ గాట్ మై మైండ్ మెస్డ్ అప్’, గోల్డ్‌వాక్స్, 1967. కార్ 1990లలో మళ్లీ స్టూడియోకొచ్చి చేసిన ఆల్బమ్‌లు కూడా ఆయన పేరు కింద కలిసిపోయి కనిపిస్తాయి. గొంతు అప్పటిది కాదు, వాద్యాలూ వేరు. వాటితో మొదలుపెడితే ఈ మనిషిని ఎందుకింత పొగుడుతారో అర్థం కాదు.

అమెరికాలో ఉన్నవాళ్లు మెంఫిస్ వైపు వెళ్తే రాయల్ స్టూడియో ఇప్పటికీ నడుస్తోంది. మోమన్ సొంత స్టూడియో ‘అమెరికన్’ భవనం కూల్చేశారు, దాని కోసం వెతక్కండి. వెళ్లేటప్పుడు కారులో వినడానికైతే ఆ 1967 ఆల్బమ్ పెట్టుకోండి. ‘పోరింగ్ వాటర్ ఆన్ ఎ డ్రౌనింగ్ మ్యాన్’ కూడా అందులోనే ఉంది.